కణజాల చట్రాలు: అపోహలు - వాస్తవాలు

కాలిన గాయాలు, ప్రమాదాల్లో చర్మం ఊడిపోయిన కాళ్లు, మానని షుగరు పుండ్లు. కర్నూలులో ప్లాస్టిక్ సర్జన్‌గా నేను చేసే పనిలో ఎక్కువ భాగం వీటి చుట్టూనే తిరుగుతుంది. ఆదోని, పత్తికొండ, బేతంచెర్ల ప్రాంతాల నుంచే కాక గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు ఇక్కడికి వస్తారు. ఇటీవల వారిలో చాలామంది ఫోనులో ఏదో వీడియో చూసి వచ్చి, కృత్రిమ చర్మం గురించి, కండ పెంచే షీటు గురించి అడుగుతున్నారు. వైద్యంలో దీనిని స్కాఫోల్డ్ అంటాము. నేను ఇక్కడ కణజాల చట్రం అని రాస్తాను. మన శరీరంలో కణాలు గాలిలో వేలాడవు. ప్రధానంగా కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులతో అల్లుకున్న ఒక మెత్తని జాలంలో అవి ఉంటాయి. ఆ జాలాన్ని అనుకరిస్తూ, సూక్ష్మమైన రంధ్రాలతో తయారుచేసిన పొర లేదా దిమ్మెను లోటు ఏర్పడిన చోట ఉంచితే, చుట్టుపక్కల కణాలు, సన్నని రక్తనాళాలు అందులోకి పాకి తమ సొంత జాలాన్ని నిర్మించుకుంటాయి, ఉంచిన చట్రం క్రమంగా కరిగిపోతుంది.

అపోహ: ఆ షీటే కొత్త చర్మంగా మారుతుంది.

వాస్తవం: షీటు చర్మంగా మారదు. చర్మాన్ని కట్టేది శరీరమే, షీటు దానికి చోటును, దారిని మాత్రమే ఇస్తుంది. బీరపాదుకు పందిరి వేసినట్టే ఇదీ. వేరు దగ్గర నీరు లేకపోతే ఎంత మంచి పందిరి వేసినా తీగ ఎక్కదు.

ఈ రంగానికి పునాది వేసిన పని చూస్తే విషయం స్పష్టమవుతుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన అయోనిస్ యానస్, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ సర్జన్ జాన్ బర్క్ కలిసి, ఆవు నుంచి తీసిన కొలాజెన్‌ను, షార్క్ చేప మృదులాస్థి (కార్టిలేజ్) నుంచి తీసిన కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే పదార్థంతో కలిపి ఒక పొరను తయారుచేసి, దాని మీద పలుచని సిలికాన్ పొరను అమర్చి, తీవ్రంగా కాలిన రోగులకు వాడి 1981లో ఫలితాలు ప్రచురించారు. అమెరికా నియంత్రణ సంస్థ 1996లో దానికి అనుమతి ఇచ్చింది. పెద్దవారిలో అంతశ్చర్మం, అంటే చర్మపు లోపలి మందమైన పొర, పూర్తిగా పోతే అది తిరిగి పెరగదు. ఆ స్థానంలో గాయం ముడుచుకుపోయి, బిగుసుకుపోయిన మచ్చ ఏర్పడుతుంది. ఆ ముడుచుకోవడాన్ని ఆలస్యం చేసే గుణం చట్రంలోని రంధ్రాల పరిమాణం మీద ఆధారపడి ఉంటుందని, అవి సుమారు 20 నుంచి 125 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉన్నప్పుడు ఆ గుణం బాగా కనిపిస్తుందని యానస్ బృందం తర్వాత చూపింది. రసాయనం ఒకటే అయినా రంధ్రం మారితే ఫలితం మారుతుంది. శరీరాన్ని అనుకరించడమంటే పదార్థాన్ని మాత్రమే కాక, నిర్మాణాన్ని, అది కరిగే వేగాన్ని కూడా అనుకరించడమన్నది నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే అందంగా కనిపించే విషయం.

ఇంకొక మాట కూడా రోగి బంధువులకు ముందే చెప్పాలి. ఈ రెండు పొరల చట్రం వేసిన రెండు మూడు వారాలకు, కింద రక్తనాళాలు అల్లుకున్నాక, సిలికాన్ పొరను తీసివేసి, తొడ నుంచి తీసిన చాలా పలుచని చర్మాన్ని దాని మీద అతికించాలి. అంటే రెండో ఆపరేషను తప్పదు. 'షీటు వేస్తే తొడ చర్మం తీసే పనే ఉండదంట గదా సార్' అని అడిగేవారికి, తీసే చర్మం పలుచబడుతుందే తప్ప తీయడం తప్పదని చెబుతాను.

అపోహ: గాయమైన వెంటనే వేస్తేనే పనిచేస్తుంది, ఎలాంటి గాయానికైనా పనిచేస్తుంది.

వాస్తవం: గాయపు అడుగు శుభ్రంగా, రక్తప్రసరణతో ఉన్నప్పుడే వేయాలి. చచ్చిన కండ మీద, చీము మీద వేసిన కొలాజెన్ నిలవదు. సూక్ష్మక్రిములు, చీములోని తెల్లకణాలు విడుదల చేసే ఎంజైములు కొలాజెన్‌ను కొద్ది రోజుల్లోనే జీర్ణం చేసుకుంటాయి. అందువల్ల చట్రం కన్నా ముందు జరిగే పనే ముఖ్యం: మృతకణజాలాన్ని తొలగించడం, అవసరమైతే మళ్లీ తొలగించడం, గాయంలో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్ష చేయించి తగిన మందు ఇవ్వడం.

మన ప్రాంతంలో దీనికి తోడు మరి కొన్ని అడ్డంకులు ఉన్నాయి. కాలిన చోట పేస్టు, సిరా, కోడిగుడ్డు సొన, ఆకు పసరు పూసి తీసుకువస్తారు. అవి కాలిన లోతును కనబడనీయకుండా చేస్తాయి, క్రిములకు ఆశ్రయమిస్తాయి. కాలిన వెంటనే చేయవలసిందల్లా ఇరవై నిమిషాల పాటు పారే మామూలు నీటి కింద ఆ భాగాన్ని ఉంచి, శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురావడమే. షుగరు పుండుతో వచ్చే పెద్దాయన కాలిలో నాడి అందకపోతే, షీటు గురించి మాట్లాడే ముందు కాలి రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ పరీక్ష చేయించాలి. బీడీ మానమని నేను అడిగేది మందలించడానికి కాదు. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, చట్రంలోకి పాకవలసినవి సరిగ్గా అవే నాళాలు.

అపోహ: చట్రంతో పెరిగిన చర్మం పుట్టు చర్మంలాగే ఉంటుంది.

వాస్తవం: మెత్తదనం, సాగే గుణం చాలా మేరకు వస్తాయి. వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు మాత్రం రావు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే కర్నూలులో ఇది చిన్న విషయం కాదు. వీపు, ఛాతీ వంటి విశాలమైన భాగాలు కాలి, అక్కడ చర్మం అతికించిన వ్యక్తి ఎండలో పొలం పనికి వెళితే శరీరం తగినంత చెమట పట్టలేక వేడెక్కిపోతుంది. ఆ కుటుంబానికి పని వేళలు మార్చుకోమని, తడిగుడ్డ దగ్గర ఉంచుకోమని, పొడిబారే చర్మానికి రోజూ నూనె లేదా క్రీము రాయమని చెప్పడం చికిత్సలో భాగమే. అందం మీద ఆశ పెట్టడం కన్నా ఈ జాగ్రత్తలు చెప్పడమే మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: జంతువు నుంచి తీసినది కాబట్టి శరీరం తిప్పికొడుతుంది.

వాస్తవం: శరీరం ప్రధానంగా తిప్పికొట్టేది పరాయి కణాలను. వాటిని పూర్తిగా కడిగివేశాక మిగిలే కొలాజెన్ జాలం క్షీరదాలన్నింటిలోనూ దాదాపు ఒకే తీరులో ఉంటుంది కనుక సాధారణంగా ఇబ్బంది రాదు. కొద్దిమందికి అలర్జీ రావచ్చు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్య సంస్థ పంది పిత్తాశయం నుంచి ఇలా కణాలు తొలగించి తయారుచేసిన పొరకు 2023లో మన దేశంలో అనుమతి లభించింది.

అయితే ఆవు, పంది అన్న మాటలు మన ఇళ్లలో శాస్త్రంతో మాత్రమే ముడిపడినవి కావు. ఆ షీటు దేని నుంచి వచ్చిందో సంతకం తీసుకునే ముందే రోగికి, ఇంటివారికి తెలుగులో చెప్పాలి. వద్దంటే వేరే దారులు ఉన్నాయి. చెప్పకుండా వేయడం తప్పు.

అపోహ: ఎముక విరిగిన చోట ఎముక పొడి వేస్తే త్వరగా అతుక్కుంటుంది.

వాస్తవం: కదలకుండా, సరైన వరుసలో ఉంచితే మామూలుగా విరిగిన ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. పుత్తూరు కట్టుకు వెళ్లి బాగయ్యామని చెప్పేవారిలో చాలామందికి అతికించింది ఎముకకు సహజంగా ఉన్న ఆ శక్తే. వరుస తప్పినా, చర్మం చీలి ఎముక బయటపడినా ఆ శక్తి ఒక్కటే చాలదు. చట్రం అవసరమయ్యేది ఎముక ముక్క పోయి ఖాళీ ఏర్పడినప్పుడు. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేటు ఖనిజం కనుక, ఆ ఖాళీలో ఉంచే చట్రపు దిమ్మెలనూ అలాంటి పదార్థాలతోనే చేస్తారు. రక్తనాళాలు లోపలికి రావాలంటే రంధ్రాలు సుమారు 300 మైక్రాన్లు దాటడం మేలు. అయితే రంధ్రాలు పెరిగేకొద్దీ దిమ్మె పెళుసవుతుంది, అందుకే బరువు మోసే కాలిలో ప్లేటో రాడ్డో లేకుండా దాన్ని వాడరు. రోగి తుంటి నుంచి తీసిన సొంత ఎముకలో చట్రం, కణాలు, పెరుగుదలకు సంకేతమిచ్చే ప్రోటీన్లు మూడూ ఉంటాయి కాబట్టి, నేటికీ మిగతావాటిని దానితోనే పోల్చి చూస్తారు.

అపోహ: స్టెమ్ సెల్స్ (ఇతర రకాల కణాలుగా మారగల మూలకణాలు) కలిపితే ఏ అవయవాన్నైనా పెంచవచ్చు.

వాస్తవం: వీపు మీద మనిషి చెవి ఉన్న ఎలుక ఫోటో 1990ల నుంచి తిరుగుతూనే ఉంది. అది జన్యుమార్పిడి కాదు. చెవి ఆకారపు కరిగే ప్లాస్టిక్ చట్రంలో దూడ మృదులాస్థి కణాలను ఉంచి ఎలుక చర్మం కింద అమర్చారు. మృదులాస్థికి రక్తనాళాలు అక్కరలేదు కనుక అది సాధ్యమైంది. మిగతా కణజాలాల్లో, రక్తనాళానికి 100 నుంచి 200 మైక్రాన్ల కన్నా దూరంగా ఉన్న కణానికి ఆక్సిజన్ అందదు. మందమైన అవయవాలను చట్రం మీద పెంచడంలో ఉన్న ప్రధానమైన అడ్డంకి ఇదే.

ఈ అడ్డంకిని దాటేశామని చెప్పిన ఒక ఉదంతం ప్రాణాలు తీసింది. 2011లో స్వీడన్‌లో పావోలో మక్కియారిని అనే సర్జన్, ప్లాస్టిక్ శ్వాసనాళానికి రోగి మూలకణాలు పట్టించి అమర్చి విజయమని ప్రకటించాడు. ఆ దేశంలో అలా ఆపరేషను జరిగిన ముగ్గురూ తర్వాత మరణించారు, అతని వ్యాసాలను వాటిని ప్రచురించిన వైద్య పత్రిక వెనక్కి తీసుకుంది, 2023లో అప్పీలు కోర్టు అతనికి రెండున్నరేళ్ల జైలు శిక్ష వేసింది. మన దేశంలో 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ ఆమోదం పొందిన ప్రయోగాల్లో మాత్రమే జరగాలి. మోకాలికో పుండుకో స్టెమ్ సెల్స్ వేస్తామని లక్షలు అడిగే చోట, ఇది నమోదైన ప్రయోగమా అని అడగండి. ప్రయోగమైతే డబ్బు ఎందుకు కట్టాలో కూడా అడగండి.

అపోహ: ఖరీదైన చట్రమే మంచి చికిత్స.

వాస్తవం: ఎర్రని ఆరోగ్యకరమైన కండ ఉన్న గాయానికి తొడ చర్మం అతికిస్తే చాలు. పైతొడుగు పొర ఊడిన ఎముక విశాలంగా బయటపడితే రక్తనాళంతో సహా తెచ్చే చర్మం, కండ ముక్క (ఫ్లాప్) కావాలి, అక్కడ చట్రం వేస్తే రక్తనాళాలు పాకడానికి ఆధారం ఉండదు. పలుచని చర్మం అతికిస్తే మళ్లీ బిగుసుకుపోయే మెడ, చంక, మోచేయి, వేళ్ల మడతల్లోనూ, తీసుకోవడానికి తగినంత సొంత చర్మం మిగలనంతగా కాలిన రోగిలోనూ చట్రం తన ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుంది. అక్కడ కూడా ఆపరేషను తర్వాత నెలల తరబడి ఆ భాగం వంగకుండా పట్టి ఉంచే స్ప్లింటు, ఫిజియోథెరపీ, బిగుతు తొడుగు వాడాలి. గడ్డం ఛాతీకి అతుక్కుపోయిన పిల్లకు మెడ విడదీసి చట్రం వేసినా, రాత్రిపూట మెడ పట్టీ మానేస్తే ఆ మెడ తిరిగి వంగుతుంది.