మెడ పైకెత్తితే లోపల ఇరుకవుతుంది

మెడ ఎమ్మారై రిపోర్టులో ‘కెనాల్ స్టెనోసిస్’ (వెన్నుపాము దారి ఇరుకవడం) అని కనబడగానే అందరూ అడిగేది ఎన్ని మిల్లీమీటర్లుందని. ఆ అంకె ముఖ్యమే. మెడలో వెన్నుపాము దిగే దారి ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లుంటుంది. 13 కన్నా తగ్గితే ఇరుకు, 10 కన్నా తగ్గితే బాగా ఇరుకు. వెన్నుపాము మందమే దాదాపు 8 మిల్లీమీటర్లు మరి. అయితే ఆ స్కాన్ తీసింది వెల్లకిలా, కదలకుండా పడుకున్న మెడకి. లేచి తిరిగే మెడలో ఆ కొలత ఒక్కచోట నిలవదు.

పండగ ముందు బూజు దులిపేటప్పుడు తల ఎంతసేపు వెనక్కి వాలి ఉంటుందో గమనించండి. అప్పుడు దారి వెనక గోడలో ఉన్న పసుపుపచ్చని సాగే లిగమెంట్ (పూసల్ని కలిపి ఉంచే పట్టీ) వదులై, మడతపడి లోపలికి వస్తుంది. ముందువైపు డిస్కులు వెనక్కి ఉబ్బుతాయి. పై పూస అడుగు అంచు, కింది పూస వెనక కమాను దగ్గరకొస్తాయి. వీటన్నిటి మధ్యా ఉన్న వెన్నుపాము కూడా ఆ భంగిమలో కాస్త పొట్టిగా, లావుగా అవుతుంది. ఆరోగ్యమైన మెడలో ఇదంతా తెలియకుండానే జరిగిపోతుంది. వయసుతో లిగమెంట్ దళసరై, ఎముక అంచులు పెరిగిన మెడలో మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గినా చేతులు తిమ్మిరెక్కుతాయి.

1954లో అమెరికన్ న్యూరోసర్జన్ రిచర్డ్ ష్నైడర్ బృందం వర్ణించిన గాయానికి మూలం ఇదే. పెద్దాయన ముందుకు పడతాడు, నుదురు నేలకి తగిలి తల ఒక్కసారిగా వెనక్కి విరుగుతుంది. ఎక్స్‌రేలో ఎముక ఎక్కడా విరిగి ఉండకపోవచ్చు. అయినా చేతులు పడిపోతాయి, కాళ్లు కొంత నయంగా ఉంటాయి. ‘ఏమీ విరగలేదు కదా’ అని ఇంటికి తీసుకుపోవడం ఇలాంటిచోటే ప్రమాదం.

తల వంచితే దారి వెడల్పవుతుంది కానీ పొడుగూ సాగుతుంది, వెన్నుపాము బిగుసుకుంటుంది. ముందు వైపు ఎముక పెరిగి ఉంటే దాని మీద ఒరుసుకుంటుంది. గడ్డం ఛాతీకి ఆనించగానే వీపు వెంట కరెంటు పాకినట్టు అనిపిస్తే దాన్ని లెర్మిట్ సూచన అంటారు. మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్‌ అనే జబ్బులోనూ ఇది వస్తుంది. 1959లో జపాన్‌లో హిరయామా అనే డాక్టరు చెప్పిన జబ్బులో ఎముకల దారి మామూలుగానే ఉంటుంది. తల వంచినప్పుడు వెన్నుపాము పొర ముందుకు జరిగి నొక్కుతుంది. టీనేజి కుర్రాళ్లలో చెయ్యి క్రమంగా సన్నబడుతుంది. మన దేశంలోనూ ఈ కేసులున్నాయి. మామూలుగా తీసిన ఎమ్మారైలో తప్పిపోవచ్చు, అందుకే తల వంచి కూడా తీస్తారు.

ఇక మెడ పక్కకి వంచి, వెనక్కి వాల్చితే ఆ వైపు నరాలు బయటకొచ్చే రంధ్రాలు ఇరుకవుతాయి.

చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవడం, కాలి చెప్పు తెలియకుండా జారిపోవడం, నడక తూలడం వెన్నుపాము నలుగుతోందనడానికి గుర్తులు. ఇవి నొప్పి లేకుండా కూడా వస్తాయి కాబట్టి నొప్పి కోసం ఎదురుచూడకుండా న్యూరాలజిస్టుని కలవాలి. ఇరుకు ఉందని తెలిసినవాళ్లు సెలూన్‌లో మెడ విరిపించుకోవద్దని గట్టిగా చెబుతాను. ఏ ఆపరేషన్‌కి వెళ్లినా, అది మోకాలిదైనా సరే, మత్తు డాక్టరుకి ఈ సంగతి ముందే చెప్పాలి. గొంతులో ట్యూబు వేసేటప్పుడు మామూలుగా తలను వెనక్కి వాలుస్తారు. తెలిస్తే మెడ కదలకుండా వేసే పద్ధతులు వాళ్ల దగ్గర ఉన్నాయి.