శనివారం రాత్రి ప్రసంగం: యంత్రం రాసిన వాక్యం వెనుక పదహారు వందల ఏళ్ల వాదం

ఒక పాస్టరుగారి చేతి కింద గుంటూరు చుట్టుపక్కల నాలుగు ఊళ్ల సంఘాలున్నాయనుకుందాం. శనివారం పగలంతా ఒక ఊళ్లో సమాధి కార్యక్రమం, సాయంత్రం ఇంకో ఊళ్లో గృహప్రవేశ ప్రార్థన ముగించుకొని ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర అవుతుంది. తెల్లవారి ఏడింటికే మొదటి ఆరాధన. ఫోనులో కృత్రిమ మేధ (ఏఐ) యాప్ తెరిచి ‘లూకా 15వ అధ్యాయం, తప్పిపోయిన కుమారుడు, ఇరవై నిమిషాల తెలుగు ప్రసంగం’ అని రాస్తే, నిమిషం తిరక్కుండానే మూడు ముఖ్యాంశాలు, రెండు ఉదాహరణలు, ముగింపు ప్రార్థనతో సహా మొత్తం తయారై వస్తుంది. చదవడానికి బాగానే ఉంటుంది. కాకపోతే ‘కృప’ అనవలసిన చోట ‘షరతులు లేని ప్రేమ’ అని ఉంటుంది. వచనాలు ముందు వరుసలోని పెద్దావిడ చేతిలో ఉన్న పాత బైబిలు మాటలతో కలవవు. తండ్రి మంచు కురిసే రాత్రివేళ గుమ్మంలో దీపం పెట్టుకొని ఎదురుచూసినట్టు ఒక ఉదాహరణ ఉంటుంది. గుంటూరు మే నెల ఎండలో ఆ మంచు విన్నవాళ్లకు అనుమానం రాకపోదు.

ఇలా తయారైన ప్రసంగాన్ని వేదిక మీద నుంచి చెప్పవచ్చా అన్నది ఇప్పుడు మన సంఘాల్లో మెల్లగా ముదురుతున్న వివాదం. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న జనం చేతికి వచ్చింది కనుక ఇది మూడు నాలుగేళ్ల నాటి సమస్య అనిపించవచ్చు. నిజానికి అందులోని ముఖ్యమైన ప్రశ్న, అంటే పరాయి మాటను దేవుని సన్నిధిలో తన నోట పలికే బోధకుడు తప్పు చేస్తున్నాడా అన్నది, క్రైస్తవ సంఘం చాలా కాలంగా వాదించుకుంటున్నదే.

ఆ ప్రశ్నను సూటిగా ఎత్తుకున్న వారిలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణ బిషప్పు అగస్టీను ముఖ్యుడు. క్రైస్తవ బోధ గురించి తాను రాసిన గ్రంథానికి నాలుగో భాగాన్ని ఆయన 426 ప్రాంతంలో పూర్తి చేశాడు. చక్కగా చెప్పగలిగి, సొంతంగా కూర్చుకోలేని బోధకులు ఇతరులు జ్ఞానంతో రాసినదాన్ని కంఠస్థం చేసి చెప్పడంలో, అందులో మోసం లేనంతవరకు, తప్పు లేదని ఆయన అక్కడ తీర్పు చెప్పాడు. ఒకని యొద్దనుండి ఒకడు నా మాటలను దొంగిలించే ప్రవక్తలకు నేను విరోధినని యిర్మీయా గ్రంథం 23వ అధ్యాయంలో దేవుడు పలికిన మాట దీనికి అడ్డు రాదా అన్న ఆక్షేపణను కూడా ఆయనే లేవనెత్తి, వాక్యం దానికి లోబడే వారందరి సొత్తు కనుక అది దొంగతనం కాదని, మంచి మాటలు చెబుతూ చెడుగా బ్రతికేవాడే అసలైన దొంగ అని సమాధానం ఇచ్చాడు. మాట ఎక్కడి నుంచి వచ్చిందన్నదాని కంటే దాన్ని పలికినవాడి బ్రతుకు ఎలా ఉందన్నదే ఆయనకు ముఖ్యమైంది. ఈ వివాదంలో ఇంతకంటే పదునైన మాట నాకింకా కనబడలేదు.

మధ్యయుగాల చివరికి ఈ వెసులుబాటు అలవాటుగా మారింది. పదిహేనో శతాబ్దంలో యోహాన్ ఫాన్ వెర్డెన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి పేరుమీద ప్రచారమైన ఒక ప్రసంగ సంపుటిని ‘డోర్మీ సెక్యూరే’ అని పిలిచేవారు. లాటిన్‌లో ఆ మాటకు ‘నిశ్చింతగా నిద్రపో’ అని అర్థం. ఆదివారం చెప్పవలసింది సిద్ధంగా ఉంది కనుక శనివారం రాత్రి గురువుగారు హాయిగా పడుకోవచ్చునన్నమాట. దీన్ని వెక్కిరించినవాడు జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్. విశ్వాస పాఠాల పుస్తకంగా 1529లో వెలువరించిన పెద్ద క్యాటెకిజానికి మరుసటి ఏడాది చేర్చిన ముందుమాటలో ఆయన ఆ పుస్తకం పేరెత్తి, చెప్పవలసినదంతా ఇప్పుడు తేలిక పుస్తకాల్లో అందుబాటులో ఉన్నా కనీసం వాటినైనా తెరిచి చూడని సోమరి బోధకులను తిట్టిపోశాడు. అయితే ఆ తేలిక పుస్తకాల్లో ఆయన రాసినవీ ఉన్నాయి. చేతకాని బోధకుల కోసం నమూనా ప్రసంగాలు తానే రాసి అచ్చు వేయించాడు. సాక్సనీ పల్లెల్లో సంఘాలను చూసి వచ్చాక, బోధించడం రాని పాస్టర్లు ఎందరున్నారో తెలిసి చిన్న క్యాటెకిజాన్ని కూర్చాడు. ఇంగ్లండు సంఘం ఇంకో అడుగు ముందుకు వేసి 1547లో పన్నెండు ప్రసంగాల సంపుటిని అచ్చువేసి, సొంతంగా బోధించే అనుమతి లేని గురువులు వాటినే చదవాలని నియమం పెట్టింది.

ఈ రెండు వారసత్వాలూ మన ప్రాంతానికి చేరాయి. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ లూథరన్ మిషనును ఆరంభించగా, దాని నుంచే 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం రూపుదిద్దుకుంది. కృష్ణా తీరాన మచిలీపట్నం మొదలుకొని ఇంగ్లండు సంఘపు మిషను నాటిన సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. తెలుగు ఇంకా పట్టుబడని దొరలు దుబాసీ నోట మాట్లాడించిన రోజుల్లో, పల్లె ఉపదేశి తనకు రాసిచ్చిన పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివిన రోజుల్లో, వాక్యం వినేవారికి ఎప్పుడూ మరొకరి గొంతు మీదుగానే చేరింది. ఇప్పటికీ క్రైస్తవ పుస్తకాల దుకాణాల్లో ప్రసంగ నమూనాల పుస్తకాలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. యూట్యూబులో విన్న పెద్ద బోధకుని ఉదాహరణ మరుసటి ఆదివారం చిన్న సంఘంలో వినిపిస్తూనే ఉంది. కనుక అరువు మాట అన్న ఒక్క కారణంతో యంత్రాన్ని తప్పుపట్టబోతే, ముందు మన సొంత అలమరనే ఖాళీ చేసుకోవలసి వస్తుంది.

మరి తేడా ఎక్కడుంది? ఇక్కడ లూథరన్ సిద్ధాంతంలోనే ఒక చిక్కుముడి ఉంది. అయోగ్యుడు ఇచ్చినంత మాత్రాన సంస్కారం గాని, అతడు చెప్పినంత మాత్రాన వాక్యం గాని నిష్ఫలం కావని 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ఎనిమిదో అధికరణంలో చెబుతుంది. దీని మూలం కూడా, అయోగ్యుడైన గురువు ఇచ్చిన సంస్కారం చెల్లదన్న దొనాతిస్టులతో అగస్టీను చేసిన వాదంలోనే ఉంది. దుర్మార్గుడి నోట వచ్చినా వాక్యం వాక్యమే అయినప్పుడు, పాపమే ఎరగని యంత్రం నోట వస్తే అభ్యంతరమేమిటని సెమినరీ విద్యార్థి అడిగితే తోసిపుచ్చడం అంత తేలిక కాదు. దానికి జవాబు అదే ప్రమాణంలోని పద్నాలుగో అధికరణంలో దొరుకుతుంది. క్రమప్రకారం పిలువబడినవాడు తప్ప సంఘంలో బహిరంగంగా బోధించరాదని అది శాసిస్తుంది. అయోగ్యుడైన పాస్టరు కూడా పిలుపు పొందినవాడే. సంఘం అతన్ని నిలదీయగలదు, క్రమశిక్షణకు గురిచేయగలదు, పశ్చాత్తాపపడితే క్షమించగలదు. యంత్రం విషయంలో ఈ మూడింటిలో ఒక్కటీ కుదరదు.

కంప్యూటరు శాస్త్రం వైపు నుంచి ఈ చర్చ 1950లోనే మొదలైంది. యంత్రాలు ఆలోచించగలవా అని అడిగిన ప్రసిద్ధ వ్యాసంలో అలన్ ట్యూరింగ్ తన వాదానికి ఎదురుకాగల అభ్యంతరాల్లో మొదటిదిగా దైవశాస్త్ర అభ్యంతరాన్నే తీసుకున్నాడు. ఆత్మను ఇచ్చేవాడు దేవుడు కనుక యంత్రం ఆలోచించలేదనడం సర్వశక్తుడి శక్తికి హద్దులు గీయడమే అవుతుందని, పిల్లలను కనడంలో ఆయన అధికారాన్ని ఎలా లాక్కోవడం లేదో యంత్రాన్ని చేయడంలోనూ అలాగే లాక్కోవడం లేదని కొంత చమత్కారంగా జవాబిచ్చాడు. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే మాట్లాడే ప్రోగ్రామును ప్రకటించాడు. మానసిక వైద్యునిలా అది మన మాటనే తిప్పి మనల్ని ప్రశ్న అడిగేది. ప్రోగ్రాము తయారవుతుండగా పక్కనుండి చూసిన ఆయన కార్యదర్శే, దానితో కాసేపు మాట్లాడాక, తమను ఏకాంతంగా వదిలి గది బయటికి వెళ్లమని ఆయన్ను కోరిందట. దీనికి కలవరపడిన వైజెన్‌బామ్ తర్వాతి కాలంలో యంత్రాలకు అప్పగించకూడని పనుల గురించి గట్టిగా రాశాడు. ఆ గది తలుపు దగ్గరే ఇవాళ్టి సంఘాలూ నిలబడి ఉన్నాయి.

‘దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెను’ అన్న ఆదికాండపు మాటను ఎలా చదవాలన్నది ఈ దశలో కీలకమైంది. ఆ స్వరూపం మనిషి తెలివితేటల్లో ఉందంటే, తెలివి చూపే యంత్రం మన పీఠానికే ఎసరు పెట్టినట్టవుతుంది. భూమి మీద దేవుని ప్రతినిధిగా మనిషికి అప్పగించిన పనిలో ఉందంటే, ఆ పని యంత్రం చేయబోయిన ప్రతిసారీ పేచీ వస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో స్విస్ దైవశాస్త్రవేత్త కార్ల్ బార్త్ నొక్కి చెప్పినట్టు అది దేవునితోనూ తోటివారితోనూ ఉండే సంబంధంలో ఉందంటే, యంత్రం ఎంత తెలివైనదైనా మనిషి విలువ తగ్గదు. ఈ మూడో దారే ఇటీవల ఎక్కువమందికి ఆసరా అయింది. అమెరికాలోని దక్షిణ బాప్టిస్టు నైతిక వ్యవహారాల సంఘం ఆధ్వర్యంలో 2019 ఏప్రిల్‌లో వచ్చిన సువార్తిక ప్రకటన కూడా, ఏ సాంకేతికతకూ మానవ గౌరవాన్ని గాని నైతిక కర్తృత్వాన్ని గాని కట్టబెట్టరాదని తన మొదటి అధికరణంలోనే రాసుకుంది.

రోము వైపు కదలిక మరింత క్రమబద్ధంగా సాగింది. 2020 ఫిబ్రవరి 28న వాటికన్ జీవ పరిరక్షణ అకాడమీ ముందు నిలవగా మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు ఏఐ నైతికతపై ‘రోము పిలుపు’ పత్రం మీద సంతకం చేశాయి. 2024 జూన్‌లో జీ7 సమావేశంలో పోపు ఫ్రాన్సిస్ మాట్లాడుతూ, మనిషి ప్రాణం తీసే నిర్ణయం ఏ యంత్రానికీ ఉండరాదన్నాడు. 2025 జనవరి 28న వెలువడిన ‘అంతీక్వా ఎత్ నోవా’ అనే 117 పేరాల పత్రం మన వివాదానికి అన్నిటికంటే దగ్గరగా వస్తుంది. యంత్రాన్ని మనిషిగా చూపడం ఎప్పుడూ మానుకోవలసిందేనని అది చెబుతుంది. ‘వాటికి నోరుండియు పలుకవు’ అని 115వ కీర్తన విగ్రహాల గురించి అన్న మాటను గుర్తుచేసి, ఈ కొత్తది పలుకుతుంది, కనీసం పలికినట్టు భ్రమ కలిగిస్తుంది, కనుక పాత విగ్రహాల కంటే ఎక్కువగా ఆకర్షించగలదని హెచ్చరిస్తుంది. అదే ఏడాది మే నెలలో ఎన్నికైన పోపు, 1891లో కార్మికుల హక్కులపై లేఖ రాసిన పదమూడవ లియోను తలుచుకొని తాను లియో పేరు తీసుకున్నానని, ఇప్పటి పారిశ్రామిక విప్లవం కృత్రిమ మేధ రూపంలో వచ్చిందని కార్డినళ్లకు చెప్పాడు.

ఈ పత్రాల కంటే రెండు చిన్న సంఘటనలే నాకు ఎక్కువ చెప్పాయి. 2023 జూన్ 9న జర్మనీలో ఫ్యూర్త్ పట్టణపు సెయింట్ పాల్ లూథరన్ చర్చిలో మూడు వందల మందికి పైగా కూర్చుండగా, తెర మీది బొమ్మలు నలభై నిమిషాల ఆరాధన నడిపాయి. మాటలు దాదాపు అన్నీ చాట్‌జీపీటీవే. విశ్వాసం నిలవాలంటే ప్రార్థించాలి, క్రమంగా చర్చికి రావాలి అని ముఖంలో ఏ కదలికా లేకుండా బొమ్మ చెప్పేసరికి జనం నవ్వారు. అదే మాట మన సంఘాల్లో ప్రతి ఆదివారం వినిపిస్తుంది, ఎవరూ నవ్వరు. చెప్పేవాడు జ్వరంతోనైనా తప్పక వచ్చేవాడని తెలుసు కనుక. రెండోది 2024 ఏప్రిల్‌లో అమెరికాలో జరిగింది. ఒక కతోలిక సంస్థ గురువు వేషంలో ‘ఫాదర్ జస్టిన్’ అనే చాట్‌బాట్‌ను పెట్టగా, క్రీడాపానీయంతో బాప్తిస్మం చెల్లుతుందని అది సమాధానమిచ్చి, పాపసంకీర్తనం, అంటే గురువు ముందు చేసే పాపాల ఒప్పుకోలు, కూడా వినబోయింది. కొద్ది రోజుల్లోనే దాని అంగీ తీసేసి ఉత్త జస్టిన్‌ను చేశారు.

పాపసంకీర్తనం మాట వచ్చింది కనుక ప్రసంగం కంటే బరువైన ఇంకో సంగతి చెప్పాలి. మన మందిరాల్లో ప్రార్థన విన్నపాల పెట్టె ఉంటుంది. ‘మా పెద్దోడు తాగుడు మానాలి’, ‘అమ్మాయి కాపురం నిలబడాలి’ అని నోటుపుస్తకంలోంచి చించిన కాగితాల మీద, కొన్నిసార్లు పేర్లతో సహా, రాసి వేస్తారు. వాటిని చక్కటి ప్రార్థనగా కూర్చిపెట్టమని ఫోనులోకి ఎక్కించడం ప్రసంగం రాయించుకోవడం లాంటిది కాదు. గురువు విన్న ఒప్పుకోలు బయటికి పొక్కరాదని 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ శాసించింది. ఆ చీటీలు ఒప్పుకోలు కాకపోయినా అదే నమ్మకంతో పెట్టెలో పడతాయి. ప్రసంగం విషయంలో నేను కొంత సర్దుకుపోగలను గాని, ఇక్కడ మాత్రం సర్దుబాటు కుదరదు.

ప్రసంగం విషయంలో అగస్టీను పెట్టిన షరతు, మోసం ఉండరాదన్నది, ఇప్పటికీ పనికొస్తుంది. వచనాల పొంతన వెతకడానికో, హెబ్రీ మాటకు అర్థం చూసుకోవడానికో యంత్రాన్ని వాడినట్టు పెద్దలకు చెప్పుకోగలిగిన పాస్టరుగారిని ఎవరూ తప్పుపట్టరు. చిక్కు సోమవారం వస్తుంది. పొద్దున్నే పాలు పోయించుకొని వెళుతున్న విశ్వాసురాలు పాస్టరుగారి గుమ్మం దగ్గర ఆగి, కొంచెం గొంతు తగ్గించి, “అయ్యగారూ, నిన్న పెద్ద కొడుకు గురించి చెప్పారే, ఇంట్లోనే ఉండి తండ్రికి దూరమైనవాడని, అది మా వాణ్ని చూసి చెప్పారా?” అని అడుగుతుంది.