గ్రహాలు వెనక్కి నడవవు: వక్రగతిపై అపోహలు - వాస్తవాలు

“కుజుడు వక్రించాడట, ఏమైనా జరుగుతుందా?” రెండేళ్లకోసారి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. బుధుడి గురించైతే ఏడాదికి మూడుసార్లు. వక్రగతి అంటే నక్షత్రాల మధ్య గ్రహం కొన్నాళ్లు వెనక్కి వెళుతున్నట్టు మనకు కనిపించడం. అడిగేవాళ్ల ఆందోళనను తప్పుపట్టలేం. గ్రహం దారి మార్చుకుందని ఎవరైనా గట్టిగా చెబితే భయం వేయడం సహజమే. ఆ మాట ప్రచారం చేసేవాళ్లు మాత్రం ఒక్కసారి లెక్క చూసుకోవాలి.

అపోహ: వక్రగతిలో గ్రహం కక్ష్యలో ఆగి వెనక్కి తిరుగుతుంది.

తిరగదు. కుజుడు సెకనుకు దాదాపు 24 కి.మీ. వేగంతో వెళుతున్నాడు కాబట్టే సూర్యుడిలో పడకుండా చుట్టూ తిరుగుతున్నాడు. నిజంగా ఆగితే వెనక్కి కాదు, సూర్యుడి వైపు పడాలి. వక్రగతి నడిచే రెండున్నర నెలలూ కుజుడు ముందుకే వెళతాడు. లోపలి కక్ష్యలో సెకనుకు 30 కి.మీ. వేగంతో వెళ్లే భూమి అతన్ని దాటుతుంది, మారేది మన చూపు దిశ. బుధ శుక్రుల విషయంలో వాళ్లే మనల్ని దాటుతారు.

నమ్మకం కుదరకపోతే గీసి చూడండి. సూర్యుడి చుట్టూ 5 సెం.మీ., 7.6 సెం.మీ. వ్యాసార్థాలతో రెండు వృత్తాలు గీసి, సూర్యుడి నుంచి కుడివైపుకి ఒక అడ్డగీత లాగండి. భూమి వృత్తం మీద అడ్డగీతకు 60, 30 డిగ్రీల కింద, గీత మీద, 30, 60 డిగ్రీల పైన చుక్కలు పెట్టండి. కుజుడి వృత్తం మీద 32, 16 కింద, గీత మీద, 16, 32 పైన. ఒక్కో అడుగు సుమారు నెల. అదే వరసలో భూమి చుక్క నుంచి కుజుడి చుక్కకు గీతలు కలిపి, అడ్డగీతతో వాటి కోణం కొలవండి: 4 డిగ్రీలు పైకి, 8 పైకి, 0, 8 కిందికి, 4 కిందికి. చూపు పైకి జరిగి, కిందికి దిగి, మళ్లీ పైకి మళ్లింది. చుక్కలు మాత్రం రెండు వృత్తాల మీదా ముందుకే వెళ్లాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గీతలను కాగితం అంచుదాకా పొడిగించి, అవి అంచును తాకిన చోట్లు చూస్తారు. అక్కడ వక్రగతి కనిపించదు, బొమ్మే తప్పనుకుంటారు. నక్షత్రాలు కాగితం అంచున లేవు, లెక్కకందనంత దూరంలో ఉన్నాయి. అందుకే కోణమే కొలవాలి.

ఆకాశంలో చూడాలంటే 2027 ఫిబ్రవరి 19న కుజుడు సూర్యుడికి ఎదురుగా, సింహరాశి నక్షత్రాల మధ్య ఉంటాడు. జనవరి మొదటి నుంచి ఏప్రిల్ చివరిదాకా వారానికోసారి, పక్కనున్న రెండు మూడు నక్షత్రాలతో పోల్చి స్థానం గుర్తించండి. చెట్టుతోనో మేడతోనో పోల్చవద్దు, రోజువారీ ఉదయాస్తమయాలు వేరే సంగతి. వక్రగతిలో కూడా కుజుడు తూర్పునే ఉదయిస్తాడు.

అపోహ: శుక్రుడు వెనక్కి తిరుగుతాడంటే అదీ వక్రగతే.

మాట ఒకటే, విషయాలు రెండు. శుక్రుడి భ్రమణం, అంటే తన చుట్టూ తాను తిరిగే దిశ, నిజంగానే తిరగబడి ఉంది. సూర్యుడి చుట్టూ మాత్రం మిగతా ఏడు గ్రహాల దిశలోనే వెళతాడు. ఒక భ్రమణానికి 243 రోజులు, పరిభ్రమణానికి 225. అందుకని “అక్కడ పగలూ రాత్రీ కలిపి ఏడాది కన్నా ఎక్కువ” అనేస్తారు. తప్పు. భ్రమణం, పరిభ్రమణం ఎదురెదురు దిశల్లో ఉండటంతో సూర్యుడు త్వరగానే తిరిగొస్తాడు: సూర్యోదయం నుంచి సూర్యోదయానికి దాదాపు 117 రోజులే. ఉదయించేది పడమట.

అపోహ: యురేనస్ దొర్లుకుంటూ వెళుతుంది.

దొర్లదు. అక్షం 98 డిగ్రీలు వాలి ఉంది, కానీ అంతరిక్షంలో ఒకే వైపు చూస్తుంది. దొర్లే బంతి అక్షం ప్రయాణ దిశకు ఎప్పుడూ అడ్డంగా ఉండాలి. 84 ఏళ్ల చుట్టులో సగం కాలం ఒక ధ్రువానికి పగలు, సగం కాలం రాత్రి.

అపోహ: బుధుడు సూర్యుడికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు.

1965లో రాడార్ కొలతలతోనే ఇది పోయింది. రెండు పరిభ్రమణాలకు మూడు భ్రమణాలు. సూర్యుడికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కక్ష్యలో బుధుడి కోణీయ వేగం భ్రమణ వేగాన్ని మించిపోతుంది. అప్పుడు అక్కడి ఆకాశంలో సూర్యుడే కొన్ని రోజులు వక్రిస్తాడు. కొన్ని చోట్ల ఉదయించిన సూర్యుడు అటే అస్తమించి, మళ్లీ ఉదయిస్తాడు.