బయానా ఇచ్చిన డైరెక్టర్లు

చి॥ వంశీకి, చి॥ హారికకి,

తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

వంశీ, రాత్రి పదకొండింటికి నువ్వు పంపిన మెసేజ్ పొద్దున్నే కళ్లజోడు వెతుక్కుని చదివాను. "డైరెక్టర్లే వాళ్ల కంపెనీ వారెంట్లు కొంటున్నారు తాతయ్యా, లోపల ఏదో ఉంది, మొదటి జీతం పెట్టేయనా?" అన్నావు. ఫోన్లో చెబితే సగమే వింటావు, మిగతా సగం మీ చెల్లి విననివ్వదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు వాళ్లు పెట్టిన డబ్బు ఎక్కడికి వెళ్లిందో చూడాలి. డైరెక్టరు మార్కెట్లో షేర్లు కొంటే ఆ డబ్బు అమ్మినవాడికి పోతుంది, కంపెనీకి పైసా రాదు. వారెంట్లయితే, అంటే ముందే కుదిరిన ధరకి కంపెనీ దగ్గరే కొత్త షేర్లు తీసుకునే హక్కు కొంటే, డబ్బు కంపెనీ ఖాతాలోకే వస్తుంది. కాకపోతే రేపు కొత్త షేర్లు పుడతాయి, మనలాంటి వాళ్ల వాటా పలచబడుతుంది. పేపర్లో మాత్రం రెండింటికీ ఒకటే హెడ్డింగు పెడతారు.

వారెంటు అంటే స్థలానికి ఇచ్చే బయానా లాంటిదే. హయత్‌నగర్ దాటాక గజం 4,000 చొప్పున 200 గజాలకు బేరం కుదిరిందనుకో. మొత్తం 8 లక్షలు. 2 లక్షలు బయానా ఇచ్చి, పద్దెనిమిది నెలల్లో రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంట్ రాయించుకున్నావు. రేటు 7,000 అయితే పరుగెత్తుకెళ్లి మిగతా 6 లక్షలు కట్టేస్తావు. 2,500కు పడిపోతే? బయానా వదిలేసుకుంటావు. షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ నిబంధన కూడా అచ్చం ఇదే: ధరలో కనీసం 25 శాతం ముందు కట్టాలి, మిగతాది 18 నెలల్లో. కట్టకపోతే ముందు కట్టింది కంపెనీకే మిగిలిపోతుంది.

ఒకప్పుడు ఆ బయానా 10 శాతమే ఉండేది. దాని రుచి నేను చూశాను. 2007లో ఒక కంపెనీ ప్రమోటర్లు 180 రూపాయల చొప్పున వారెంట్లు తీసుకున్నారని విని, "యజమానే కొంటుంటే మనకేం భయం" అని 210కి మూడు వందల షేర్లు కొన్నాను. పేరు చెప్పను, మీ నాయనమ్మకి ఇప్పటికీ ఆ పేరు వింటే ఒళ్లు మంట. 2008లో సెన్సెక్స్ 21 వేల దగ్గర్నుంచి 8 వేల దాకా జారింది. మా షేరు 40కి వచ్చింది. ప్రమోటర్లు కిమ్మనకుండా వారెంట్లు వదిలేసుకున్నారు. వాళ్లకు పోయింది ఒక్కోదానికి 18 రూపాయలు, నాకు పోయింది 170. ఆ ఏడాది చాలామంది పెద్దవాళ్లు ఇలాగే చేతులు దులుపుకున్నారు. 2009లో సెబీ బయానాని 25 శాతానికి పెంచింది.

చివరిదాకా కట్టినవాళ్లూ ఉన్నారు. 2022 సెప్టెంబరులో అంబుజా సిమెంట్స్ అదానీల చేతికొచ్చింది. ఆ అక్టోబరులోనే 418.87 రూపాయల చొప్పున సుమారు 47.7 కోట్ల వారెంట్లు తీసుకున్నారు. మొత్తం 20,000 కోట్లు, బయానా 5,000 కోట్లు. 2023 జనవరిలో అదానీ కంపెనీల మీద ఆరోపణలతో హిండెన్‌బర్గ్ అనే అమెరికా సంస్థ రిపోర్టు రాగానే షేరు 350 కిందికి దిగింది. అప్పుడు వాళ్ల స్థితి చూడండి: ఒప్పుకున్న ధర కన్నా మార్కెట్ రేటు తక్కువ, కానీ బయానా పోను కట్టాల్సింది 314 మాత్రమే. బయానా కాస్త బరువుగా ఉంటే వదిలేసుకోవడానికి మనసు రాదు, సెబీ లెక్క కూడా అదే. 2024 మార్చిలో 6,661 కోట్లు, ఏప్రిల్‌లో గడువు చివరి రోజుల్లో 8,339 కోట్లు కట్టేశారు. అప్పటికి షేరు 600 దాటింది. వాళ్ల వాటా 63 నుంచి 70 శాతానికి పెరిగింది, మొత్తం షేర్లు 198 కోట్ల నుంచి 246 కోట్లయ్యాయి. 600 షేరు 419కి దక్కడం వాళ్ల ధైర్యానికి ప్రతిఫలమా, ముందే కుదుర్చుకున్న ధర గొప్పతనమా అని హారిక వాదిస్తుంది. వాదించనీ, రెండూ ఉన్నాయి.

ఇక మార్కెట్లో కొనే డైరెక్టర్ల సంగతి. మూడు నెలల లెక్కలు ముగిసిన నాటి నుంచి ఫలితాలు వచ్చాక 48 గంటల దాకా వాళ్లు కొనకూడదు, అమ్మకూడదు. కొన్నాక ఆరు నెలలు అమ్మడానికి లేదు. మూడు నెలల్లో లావాదేవీలు 10 లక్షలు దాటితే రెండు ట్రేడింగ్ రోజుల్లో కంపెనీకి చెప్పాలి, కంపెనీ ఎక్స్ఛేంజీకి చెప్పాలి. ఆ కాగితం ఎన్ఎస్ఈ, బీఎస్ఈ సైట్లలో ఎవరైనా చూడొచ్చు. అందులో "ఎలా వచ్చాయి" అని ఒక గడి ఉంటుంది, ముందు దాన్ని చూడు. "మార్కెట్ పర్చేజ్" అని ఉంటే సొంత డబ్బు తీసినట్టు. "గిఫ్ట్" అనో "ఇంటర్ సే ట్రాన్స్‌ఫర్" అనో ఉంటే తండ్రి జేబులోంచి కొడుకు జేబులోకి మారినట్టు, అంతే. ఈసాప్, అంటే కంపెనీ తన ఉద్యోగులకు ఇచ్చే షేర్లు అయితే జీతంలో భాగం. తమ షేర్లు తాకట్టు పెట్టారా, వాటా తగ్గుతూ వస్తోందా అన్నది కూడా చూడాలి. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌లో 2001లో పాతిక శాతమున్న ప్రమోటర్ల వాటా 2008కి తొమ్మిది శాతం లోపుకి వచ్చింది. ఆ పట్టిక ప్రతి మూడు నెలలకూ అందరి కళ్ల ముందే ఉంది. 2009 జనవరి 7న లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ సత్యం అధినేత రామలింగరాజుగారి లేఖ వచ్చాక గానీ ఎవరమూ తిరగేయలేదు.

వంశీ, నువ్వు చెప్పిన కంపెనీ ఈజీఎం (వాటాదారుల ప్రత్యేక సమావేశం) నోటీసు తీసి చదివాను. డబ్బు దేనికంటే "అప్పులు తీర్చడానికి, ఇతర అవసరాలకు" అని రాశారు. వారెంట్లు తీసుకునేది డైరెక్టరుగారి భార్య పేరు మీద ఈమధ్యే పెట్టిన సంస్థ. ఇప్పటికి కట్టింది పాతిక శాతమే. మిగతాది కట్టడానికి వచ్చే ఏడాది ఉగాది దాకా టైముంది. ఈ ఏడాది క్యాలెండర్‌లో ఆ తారీఖు లేదు కాబట్టి డిసెంబరు కాగితం వెనకాల పెన్సిల్‌తో రాసిపెట్టాను.

మీ తాతయ్య,
వనస్థలిపురం.