పాలరాయి డబ్బు ఎవరిది?

మోడర్నిజం అనగానే గౌడీ బార్సిలోనాలో కట్టిన వంపుల మేడలు గుర్తొస్తాయి. అదే పేరుతో, అదే ఊళ్లో, 1890ల నుంచి సుమారు 1911 దాకా అక్కడి కటలాన్ భాషలో ఒక సాహిత్య తిరుగుబాటు నడిచిందన్న సంగతి బయటివాళ్లకు పెద్దగా పట్టలేదు.

1716 నాటి స్పెయిన్ రాజశాసనంతో కటలాన్ కచేరీల్లోంచి పోయింది. ఇళ్లల్లో, పొలాల్లో, సంతల్లో మిగిలింది. పందొమ్మిదో శతాబ్దంలో బట్టల మిల్లులతో బార్సిలోనా బాగుపడ్డాక మళ్లీ భాష మీద మనసు పోయింది. 1859లో పాతకాలపు కవితల పోటీలను తిరిగి మొదలుపెట్టారు. దేశం, దైవభక్తి, ప్రేమ అన్నవే వాటి నినాదం. గెలిచిన ప్రేమ కవితకు నిజం పువ్వు బహుమతి. చూడముచ్చటే గానీ, ట్రాములు, సమ్మెలు, బాంబుల మధ్య పెరుగుతున్న కుర్రకారుకు ఆ పువ్వు ఏం సరిపోతుంది? ‘లావెన్స్’ పత్రిక చుట్టూ చేరిన ఆ తరానికి ఇబ్సెన్, నీషే, మేటర్లింక్ లాంటి యూరప్ రచయితలు కావాలి, అదీ తమ భాషలో.

ఆ కోరిక సిట్జెస్ అనే సముద్రతీరపు ఊళ్లో రంగమెక్కింది. మిల్లు యజమానుల ఇంట పుట్టి చిత్రకారుడైన సాంటియాగో రుసిన్యోల్ అక్కడ ఉత్సవాలు పెట్టాడు. 1893 సెప్టెంబరులో మేటర్లింక్ నాటకం ఆడించాడు. అందులో జరిగేదంతా ఇంతే: పక్కగదిలో జబ్బుమనిషి, దీపం చుట్టూ ఇంటివాళ్లు, ఎవరో లోపలికి వచ్చారని పసిగట్టేది గుడ్డి తాతగారొక్కరే. వచ్చింది మృత్యువు. దాన్ని కటలాన్‌లోకి తెచ్చిన పాతికేళ్ల పొంపేవ్ ఫాబ్రాయే తర్వాత ఆ భాషకు వర్ణక్రమ నియమాలు, వ్యాకరణం, నిఘంటువు కూర్చాడు. మరుసటి ఏడాది రుసిన్యోల్ తాను కొన్న, పాతకాలపు చిత్రకారుడు ఎల్ గ్రెకో చిత్రాలు రెండింటిని దేవుణ్ణి ఊరేగించినట్టు రైల్వేస్టేషన్ నుంచి తన ఇంటికి ఊరేగింపుగా తెచ్చాడు. కొంత వేషం ఉంది, కాదనలేం. 1898లో అద్రియా గ్వాల్ స్థాపించిన ‘ఆంతరంగిక నాటకశాల’ ఆ పనినే నిలకడగా కొనసాగించింది.

సిట్జెస్ సందడి కంటే నన్ను పట్టి నిలిపేది 1898లో ఒలోట్ కవితల పోటీకి వచ్చిన ఒక ఏకపాత్ర నాటకం. పిచ్చాసుపత్రిలో బందీ అయిన ఒక పిండిమిల్లువాడి కూతురు తన కథ చెప్పుకుంటుంది. పెళ్లికాకుండానే తల్లయింది. తండ్రికి తెలిస్తే బతకనివ్వడు. అందుకే పురిటిబిడ్డను తిరుగలి కింద పడేసింది. బహుమతి వచ్చింది. రాసింది కాటరీనా అల్బెర్ట్ అనే ముప్పై నిండని ఆడపిల్ల అని తెలియగానే గగ్గోలు లేచింది. ఆ తర్వాత ఆమె విక్టర్ కటలా అనే మగపేరు తగిలించుకుని రాసింది. 1905లో వచ్చిన ఆమె ‘ఏకాంతం’ నవలలో మీలా అనే ఇల్లాలు కొండమీది గుడి కాపలాకు మొగుడి వెంట వెళ్లి, చివరికి అతణ్ణి వదిలి ఒంటరిగా కొండ దిగుతుంది. మోడర్నిస్టుల పల్లెటూరు హాయిగా ఉండదు. కొండలే మనుషుల్ని మింగేస్తాయి.

కవుల్లో మరగాల్ దారి వేరు. చెక్కిన పద్యం కాదు, మనసు కదిలినప్పుడు నోట వచ్చే ‘సజీవ వాక్కు’ కవిత్వమన్నాడు. ఇగ్నాసి ఇగ్లేసియస్ వేదిక మీదికి కార్మికుల్ని తెచ్చాడు. 1903 నాటి ‘ముసలివాళ్లు’ నాటకంలో ఉన్నది వయసు మళ్లిందని పనిలోంచి తీసేసిన నేతగాళ్ల గోస.

రుసిన్యోల్ మాత్రం ఒక్క గొడవనే పట్టుకున్నాడు: కళాకారుడికీ కొట్టు యజమానికీ పడదు. పూర్తిగా మోడుబారిన ఊరికి సర్కస్ ఆటగాళ్ల బండి వస్తుంది, ఊరు వాళ్లను అర్థం చేసుకోదు, బండి వెళ్లిపోతుంది. ‘సాగిపోయే సంతోషం’ నాటకమంతా అదే.

కానీ వయసు పైబడ్డాక ఆయన లెక్క మారింది. 1906 నుంచి యూజెని దోర్స్ అనే రచయిత వర్గం క్రమశిక్షణ, నగర సంస్కారం అంటూ మోడర్నిస్టులను పాతబడ్డవాళ్లుగా తీసిపారేస్తోంది. 1907లో రుసిన్యోల్ దారాలు, గుండీలు అమ్మే ఎస్తేవ్ గారి కథ నవలగా రాశాడు, 1917లో నాటకం చేశాడు. కొడుక్కి కొట్టు వద్దు, శిల్పం కావాలి. ఇంట్లో పెద్ద రభస. కట్టకడపటికి ఆ కుర్రాడు చెక్కబోయే పాలరాయికి డబ్బిచ్చేది ఎస్తేవ్ గారే.

సిట్జెస్ ఉత్సవాలు చేసిన మనిషిదీ తాతల మిల్లు డబ్బే. ఆ మిల్లు వ్యవహారం తమ్ముడు చూసుకునేవాడు.