ఒంటికన్ను డ్యూక్: అపోహలు, వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్పడం నా పని. పునరుజ్జీవనం పాఠం మొదలుపెట్టిన రోజు స్క్రీన్ మీద ఒక బొమ్మ వేస్తాను. ఎర్ర టోపీ, ఎర్ర అంగీ, పక్కకు తిరిగిన మొహం, ముక్కు మొదట్లో గొడ్డలి వేటు పడ్డట్టు ఒక గాటు. నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. ఆయన ఫెడెరికో ద మోంటెఫెల్ట్రో (1422–1482). ఇటలీలో ఉర్బినో అనే కొండ ఊరికి ప్రభువు, ఆ రోజుల్లో గొప్ప పేరున్న సేనాపతి. ఇక ప్రశ్నలు మొదలవుతాయి. ప్రతి ఏడూ దాదాపు అవే.

అపోహ: కన్ను యుద్ధంలో పోయింది. రెండో కంటికి దారి కనబడాలని ముక్కు కోయించుకున్నాడు.

కుడి కన్ను పోయిన మాట నిజం, కానీ యుద్ధంలో కాదు. 1450 ప్రాంతంలో గుర్రాల మీద బల్లేలతో ఆడే పోటీలో పోయింది. అంటే వేడుకలో! ముక్కు కోయించుకున్న కథకు మాత్రం గట్టి ఆధారం లేదు. బల్లెం దెబ్బ కన్నుతో పాటు ముక్కు దూలాన్నీ విరగ్గొట్టిందనుకుంటే సరిపోతుంది. ఆ కథ చెప్పొద్దంటే పిల్లలు నిరాశ పడతారు, నాకూ కొంచెం బాధే. అన్నట్టు, పక్కమొహం గీయించుకున్నది గుడ్డి కన్ను దాచడానికే అనుకోవద్దు. పాత రోమన్ నాణేల మీద బొమ్మల్లా పక్కమొహం గీయడం అప్పటి పద్ధతి. ఈ బొమ్మకు జంటగా గీసిన బొమ్మలో ఎదురుగా ఉన్న భార్య బట్టిస్టా స్ఫోర్జాదీ పక్కమొహమే, ఆవిడ రెండు కళ్లూ బాగానే ఉండేవి.

అపోహ: కిరాయి సేనాపతులు ఉత్తుత్తి యుద్ధాలు చేసి డబ్బు గుంజేవారు.

ఇది ఫ్లోరెన్స్ నగరపు రాజనీతి రచయిత మాకియవెల్లి పుణ్యం. 1467లో మొలినెల్లా దగ్గర ఫెడెరికో సేన, కొల్లియోని అనే ఇంకో కిరాయి సేనాపతి సేన తలపడ్డాయి. సగం రోజు కొట్టుకున్నా ఒక్కడూ చావలేదని, కొన్ని గుర్రాలకు గాయాలయ్యాయంతేనని మాకియవెల్లి రాశాడు. ఆయన పుట్టిందే 1469లో! పైగా కూలి సైనికులంటే పడదు, ఊరి జనమే ఆయుధం పట్టాలన్నది ఆయన వాదన. నిజానికి ఆ రోజు మైదానంలో ఫిరంగులు కూడా పేలాయి. చచ్చినవాళ్లు వందల్లో ఉన్నారు.

కిరాయి అన్నమాట తప్పు కాదు. 'కొండొట్టా' అంటే కాంట్రాక్టు, ఆ మాట నుంచే కిరాయి సేనాపతికి 'కొండొట్టియెరో' అనే పేరు వచ్చింది. ఎన్ని గుర్రాలు, ఎంతమంది మనుషులు, ఎన్నాళ్లు, ఎంత జీతం, అన్నీ కాగితం మీద రాసుకునేవారు. యుద్ధానికి ఒక రేటు, శాంతికాలంలో సిద్ధంగా ఉన్నందుకు ఇంకో రేటు. ఉర్బినో పంటలు బాగా పండే నేల కాదు. ఫెడెరికో బయట యుద్ధాలు చేసి తెచ్చిన డబ్బుతోనే ఆ ఊళ్లో అంత పెద్ద రాజమందిరం లేచింది.

అపోహ: ఆయన లైబ్రరీలో అచ్చు పుస్తకం ఒక్కటీ లేదు, అలాంటిది ఉంటే సిగ్గుపడేవాడు.

ఈ మాట చెప్పింది వెస్పసియానో. ఆయన ఫ్లోరెన్స్‌లో చేతిరాత పుస్తకాల వ్యాపారి, ఫెడెరికో ఆయన పెద్ద ఖాతాదారు. అచ్చుయంత్రం వచ్చి తన వ్యాపారం దెబ్బతింటుంటే ఆయన అంతకన్నా ఏం చెబుతాడు? అచ్చు పుస్తకాలూ ఆ లైబ్రరీలో ఉండేవని తర్వాత తేలింది. చేతిరాతవి సుమారు 900, ఇప్పుడు వాటికన్‌లో ఉన్నాయి.

అపోహ: మాట తప్పని మనిషి, ఆదర్శ ప్రభువు.

నాకు ఎక్కువ సేపు పట్టేది ఇక్కడే. 1472లో వోల్టెర్రా అనే ఊరికీ ఫ్లోరెన్స్‌కూ పటిక గని దగ్గర తగువు వచ్చింది. ఫ్లోరెన్స్ తరఫున ఫెడెరికో వెళ్లాడు. ఊరు లొంగిపోయింది. లొంగిపోయాక కూడా సైనికులు దాన్ని దోచుకున్నారు. అయినా ఫ్లోరెన్స్ ఆయనకు వెండి శిరస్త్రాణం బహూకరించి సత్కరించింది.

ఆరేళ్లు తిరక్కుండానే, 1478 ఏప్రిల్ 26న, అదే ఫ్లోరెన్స్ పెద్ద చర్చిలో ఆ నగరాన్ని నడిపిస్తున్న లోరెంజో డి మెడిచి మీద, ఆయన తమ్ముడు జూలియానో మీద కత్తులతో దాడి జరిగింది. తమ్ముడు చనిపోయాడు, లోరెంజో గాయంతో బయటపడ్డాడు. ఈ కుట్రలో ఫెడెరికోకు భాగముందన్న రుజువు ఐదు వందల ఏళ్లకు పైగా ఒక సంకేత లిపి ఉత్తరంలో దాక్కుంది. మార్చెల్లో సిమొనెట్టా అనే చరిత్రకారుడు దాన్ని విప్పి 2004లో బయటపెట్టాడు. విప్పడానికి వాడింది 15వ శతాబ్దంలో మిలాన్ మంత్రి చిక్కో సిమొనెట్టా రాసిపెట్టిన సూత్రాలు. ఉత్తరం తేదీ 1478 ఫిబ్రవరి 14. పని కాగానే నగరంలోకి దిగడానికి దగ్గర్లో 600 మంది సైనికులు ఫెడెరికో తరఫున సిద్ధం. లోరెంజో బతికిపోవడంతో వాళ్ల అవసరం పడలేదు.

"అయితే ఈయన విలనా మేడం?" అని అడుగుతారు. ఆ బొమ్మనే మళ్లీ వేస్తాను. మనకు చూపించిన వైపు ఎవరు ఎంచారో చూడమంటాను.

అపోహ: యుద్ధభూమిలో చచ్చాడు.

కాదు, జ్వరంతో. ఫెరారా యుద్ధంలో చిత్తడి నేలల మధ్య దండు దిగినప్పుడు జ్వరం పట్టుకుని, 1482 సెప్టెంబర్ 10న కన్నుమూశాడు. ఎదుటి పక్షానికి పనిచేస్తున్న ఆయన అల్లుడు రోబెర్టో మాలటెస్టా రోమ్‌లో చనిపోయిందీ అదే రోజు.