బోస్టన్‌లో రెండు బుధవారాలు: కిమోనో గొడవ వెనుక కథ

విదేశాల్లో జపాన్ కళాప్రదర్శనో ఉత్సవమో జరిగితే, వచ్చినవాళ్ళకి అక్కడి సంప్రదాయ దుస్తులైన కిమోనో తొడిగే ఏర్పాటు ఒకటి తరచూ కనిపిస్తుంది. తొడుక్కుని ఫొటో దిగినవాళ్ళని 'ఇది మీది కాదు కదా' అని నిలదీయడం కూడా మామూలైపోయింది. ఆ వాదన అడపాదడపా మళ్ళీ రాజుకుంటూనే ఉంది. ఈ రోజు రెండు పక్షాలూ మాట్లాడుతున్న తీరు అర్థం కావాలంటే 2015 వేసవిలో బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఏం జరిగిందో చూడాలి.

గొడవకి కేంద్రం ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1876లో వేసిన 'లా జపొనేజ్' అనే పెద్ద చిత్రం. అందులో ఆయన భార్య కమీల్ ఎర్రటి బరువైన కిమోనోలో వెనక్కి తిరిగి నవ్వుతూ ఉంటుంది. కిమోనో మీద ఒక యోధుడి బొమ్మ ఉబ్బెత్తు కుట్టుపనిలో కనిపిస్తుంది. గోడనిండా జపాన్ విసనకర్రలు. కమీల్‌ది నల్లటి జుట్టు, చిత్రంలో ఉన్నది బంగారు రంగు విగ్గు. చేతిలోని విసనకర్రకి ఫ్రాన్స్ జెండా రంగులు. పారిస్‌ని ఊపేస్తున్న జపాన్ పిచ్చిని మోనే ఆటపట్టించాడని చాలామంది కళాచరిత్రకారులు అంటారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాతి గొడవలో దీన్నే మర్చిపోయారు.

2014, 2015ల్లో ఈ చిత్రం జపాన్‌లో టోక్యో, క్యోటో, నగోయా నగరాలు తిరిగింది. పాశ్చాత్య కళాకారుల మీద జపాన్ ప్రభావం గురించిన ప్రదర్శన అది. అందులో జపాన్ కళాఖండాలు, వాటిని చూసి పాశ్చాత్యులు చేసినవి పక్కపక్కనే ఉన్నాయి. ఎవరు ఎవరి నుంచి ఏం తీసుకున్నారో ఎదురుగా కనబడుతుంది. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఆ ఎర్ర కిమోనోకి నకళ్ళు చేయించింది. జపాన్ ప్రేక్షకులు సరదాగా తొడుక్కుని కమీల్‌లా నిలబడి ఫొటోలు దిగారు. అభ్యంతరం వినిపించలేదు.

అవే నకళ్ళు బోస్టన్‌కి వచ్చాయి. జూన్ 24 నుంచి జూలై 29 దాకా బుధవారం సాయంత్రాలు 'కిమోనో వెన్స్‌డేస్' అని ప్రకటించారు. నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడే ఉంది. బోస్టన్‌లో చిత్రం చుట్టూ ఆ జపాన్ ప్రభావం ప్రదర్శన లేదు. చిత్రం ఇంప్రెషనిస్టుల (మోనే తరహా ఫ్రెంచి చిత్రకారుల) గదిలో ఉంది. మీలోని కమీల్‌ని బయటికి తీయండి అన్నట్టుగా ఆహ్వానం, 'వింతదేశపు ఆకర్షణతో సరసం' అనే ధోరణిలో ఉపన్యాసం పేరు. జపాన్ బయట అతి గొప్ప జపాన్ కళాసేకరణల్లో ఒకటి ఉన్న మ్యూజియం ఇది. 1904 నుంచి జపాన్ కళాపండితుడు ఒకకురా కకుజో పనిచేసిన చోటు. అలాంటి చోట, కుట్టు గురించి, నేత గురించి చెప్పాల్సిన సందర్భం ఒక ఫొటో ముచ్చటగా మిగిలిపోయింది.

యువ ఆసియన్ అమెరికన్లు ప్లకార్డులు పట్టుకుని చిత్రం ముందు నిలబడ్డారు. ఇది జాత్యహంకారమనీ, సామ్రాజ్యవాద చూపనీ అన్నారు. రెండు బుధవారాలు గడిచాయో లేదో, జూలై 7న మ్యూజియం వెనక్కి తగ్గి క్షమాపణ చెప్పింది. ఇకపై కిమోనోని ముట్టుకోవచ్చు, తొడుక్కోకూడదు అంది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళ గురించి మన దగ్గర తక్కువ రాశారు. బోస్టన్ చుట్టుపక్కల ఉంటున్న జపాన్ మహిళలు కొందరు సొంత కిమోనోలు కట్టుకుని మ్యూజియంకి వచ్చారు. మా బట్ట మీద ఇష్టంతో వచ్చినవాళ్ళని తరిమేయకండి అన్నది వాళ్ళ మాట. బోస్టన్‌లోని జపాన్ ఉప కాన్సుల్ జనరల్ కూడా, నిరసనకారుల అభ్యంతరమేమిటో తమకి సరిగ్గా అర్థం కావడం లేదని పత్రికతో అన్నారు. ఆ జపాన్ మహిళల ఆదుర్దాకి కారణం ఉంది. 1980ల తొలినాళ్ళలో సుమారు 1.8 లక్షల కోట్ల యెన్‌లున్న కిమోనో వ్యాపారం 2010ల మధ్యకి 30 వేల కోట్లలోపుకి పడిపోయింది. క్యోటోలో పట్టునేతకి పేరున్న నిషిజిన్ పేట మగ్గాల మీద బతికేవాళ్ళు వృద్ధులవుతున్నారు. కట్టుకునేవాళ్ళు ఉంటేనే మగ్గం ఆడుతుందని పోచంపల్లిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

నిరసనకారుల బాధ కల్పితం కాదు. జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక, 1942లో దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్ళని అమెరికా ప్రభుత్వం శిబిరాల్లో నిర్బంధించింది. అంతకుముందే భయంతో ఇంట్లోని జపాన్ వస్తువుల్ని తగలబెట్టుకున్న కుటుంబాలున్నాయి. తమ పెద్దవాళ్ళు దాచుకోవాల్సి వచ్చిన బట్టని ఇతరులు సరదాకి తొడుక్కుంటే మనసు చివుక్కుమనడం సహజం. కానీ ఆ కోపం చేరాల్సింది మ్యూజియం ఆహ్వానం రాసిన తీరుకి. పోయి తగిలింది కిమోనోకి.

జపాన్ వాళ్ళకి ఎక్కడ నొప్పి కలుగుతుందో 2019లో తేలింది. అమెరికా టీవీ తార కిమ్ కర్దాషియన్ తన లోదుస్తులకి 'కిమోనో' అని పేరు పెట్టి ట్రేడ్‌మార్క్‌కి సిద్ధమయ్యారు. అప్పుడు జపాన్‌లోనే ఆగ్రహం పెల్లుబికింది. క్యోటో మేయర్ కడొకవా దైసకు పేరు మార్చమని లేఖ రాశారు. తరతరాలుగా వచ్చిన దాని పేరు ఒకరి గుత్తసొత్తు కాకూడదన్నది ఆయన వాదన. రోజుల్లోనే పేరు మారుస్తానని ఆమె ప్రకటించారు. పరాయివాళ్ళు తొడుక్కుంటే ఒప్పుకున్న దేశం, పేరుని సొంతం చేసుకోబోతే ఊరుకోలేదు.

ఈ బట్ట ఎన్నడూ ఒక్క గడప లోపలే ఉండిపోలేదు కూడా. 17వ శతాబ్దంలో డచ్ వర్తకులు కిమోనో తరహా అంగీలని యూరప్‌కి తీసుకెళ్ళారు. గిరాకీకి అవి చాలక, మచిలీపట్నం ఉన్న కోరమాండల్ తీరపు అద్దకం బట్టతో అదే తీరు అంగీలు కుట్టించారు. ఇదే తీరపు బట్టలు నాగసాకి మీదుగా జపాన్ చేరి, 'సరస' పేరుతో టీ వేడుకల సంచులయ్యాయి. 2020లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పెట్టిన కిమోనో ప్రదర్శన ఇలాంటి రాకపోకలనే ముందుకు తెచ్చింది. బోస్టన్‌లో లోపించింది అదే.

బోస్టన్ మ్యూజియం రెండు పక్షాల మాటా వినడానికి బహిరంగ చర్చ పెట్టింది, 2016 ఫిబ్రవరిలో. అప్పటికి కార్యక్రమం ముగిసి ఆరు నెలలు దాటింది.